మానేరు రొయ్యకు ఉప్పునీటి బాల్యం

కొండగట్టు కింది వరి మడుల్లో గట్లకు బొరియలు చేసుకుని బతికే ఎండ్రికాయకు సముద్రంతో పనిలేదు. గుడ్లు మోసే కాలంలో ఆడదాన్ని వెల్లకిలా తిప్పి, పొట్టకింది రేకును వేలితో లేపితే లోపల గుంపుగా పిల్లలు కనిపిస్తాయి. గింజంత ఉన్నా అప్పటికే అవి పూర్తి ఎండ్రికాయలు. కాళ్లు, డెక్కలు, అడ్డనడక అన్నీ తల్లివే. గుడ్డులోనే బాల్యం ముగించుకున్న ఆ పిల్లలు తల్లి పొట్ట దిగి అదే మడిలో స్థిరపడతాయి. వచ్చే ఏడు అక్కడ ఎన్ని ఎండ్రికాయలుంటాయో ఆ మడిలోని నీళ్లు, రైతు కొట్టే మందు, వాలే కొంగలు తేలుస్తాయి. కొండగట్టుకు దక్షిణాన, రాజన్న సిరిసిల్ల జిల్లా మాన్వాడ దగ్గర కట్టిన మిడ్‌మానేరులో వదులుతున్న నీలకంఠ రొయ్య సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆ రొయ్య ఎంత లావవుతుందో జలాశయం తేలుస్తుంది. ఎన్ని రొయ్యలుంటాయన్నది మాత్రం జలాశయం చేతిలో లేదు. ఆ లెక్క పుట్టిన మొదటి నెలలోనే, ఉప్పు కలిసిన నీళ్లలో తేలిపోతుంది. అలాంటి నీళ్లు సహజంగా దొరికే గోదావరి మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, సిరిసిల్ల నుంచి నేరుగా గీత గీసి కొలిచినా 350 కిలోమీటర్లకు పైనే. మన దగ్గర రొయ్యల గురించిన మాటలన్నీ, అంటే ఎన్ని లక్షల పిల్లలు వదిలారు, ఏ సంఘానికి ఎంత హద్దు, ఎవరి వలలో ఎంత పడింది అన్నవి, గట్టు చుట్టూనే తిరుగుతున్నాయి. అసలు చర్చ జరగాల్సింది ఆ మొదటి నెల మీద.

నీలకంఠ రొయ్య మంచినీటి జీవి అని మనం అనుకుంటాం. సగమే నిజం. శాస్త్రజ్ఞులు మాక్రోబ్రాకియం రోసెన్‌బర్గీ అని పిలిచే ఈ రొయ్య పెద్దయ్యాక నదుల్లో, కాల్వల్లో, చెరువుల్లో హాయిగా బతుకుతుంది. ఎదిగిన ఆడది ఒక కాన్పులో 80 వేల నుంచి లక్ష గుడ్ల దాకా పెట్టి వాటిని పొట్టకింద కాళ్లకు అంటించుకుని మోస్తుంది. మొదట్లో నారింజ రంగులో మెరిసే గుడ్లు మూడు వారాల్లో నల్లబడి, ఆ తర్వాత పగులుతాయి. బయటికొచ్చిన లార్వా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దానికి తల్లి పోలిక ఏ కోశానా కనిపించదు. తలకిందులుగా, తోక ముందుకు పెట్టి ఈదుతూ నీటిలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. ఆ తర్వాత ఒంటి మీది పెంకు విడుస్తూ పదకొండు దశలు దాటాలి. వేడి, తిండి కుదిరితే నెల, కుదరకపోతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పదకొండో దశ దాటాక ఒక్కసారిగా తిరగబడి, నేలకు దిగి, తలముందుకు పెట్టి నడిచే చిన్న రొయ్య అవుతుంది. ఈ నెల రోజులూ నీటిలో ఉప్పు ఉండాలి. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటే, దీనికి సుమారు 12 గ్రాములు సరిపోతుంది. అందుకే ప్రకృతిలో గుడ్లు మోసే ఆడ రొయ్యలు ప్రవాహం వెంట మొగ వైపు దిగి వస్తాయి, ఎదిగిన పిల్లలు ఏటికి ఎదురెక్కుతాయి. మంచినీటిలోనే పగిలిన గుడ్డులోంచి వచ్చిన లార్వా రెండు మూడు రోజుల్లో ఉప్పునీటికి చేరకపోతే చచ్చిపోతుంది. ఇంత పెద్ద విషయం 1960ల మొదలు దాకా శాస్త్రానికి తెలియదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున మలేసియాలో పనిచేసిన షావో వెన్ లింగ్ దాన్ని కనిపెట్టాడు. ఆ పునాది మీద 1972 నాటికి హవాయిలో తకుజి ఫుజిమురా బృందం పిల్లలను పెద్ద ఎత్తున పెంచే పద్ధతి తయారు చేసింది. అంతకు ముందు ఈ రొయ్యను సాగు చేయాలంటే నదిలో పిల్లలను ఏరుకోవడమే దిక్కు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి, ఎందుకంటే మిగతా వాదన అంతా దాని మీదే నిలబడుతుంది. ఒక ఆడ రొయ్య పెట్టిన 80 వేల గుడ్లలో పదివేలకు ఒకటి చొప్పున బాల్యం దాటాయనుకుందాం. ఎనిమిది మిగులుతాయి. పదివేలకు రెండు దాటితే పదహారు. మొదటి సందర్భంలో చావు 99.99 శాతం, రెండో దాంట్లో 99.98 శాతం. పక్కన నిలబడి చూసే మనిషికి ఈ రెంటికీ తేడా కనిపించదు. నీళ్ల వేడి ఒక డిగ్రీ మారినా, వరద వారం ఆలస్యమైనా, తేలే సూక్ష్మజీవుల పంట కాస్త తప్పినా ఆ నూరో వంతు శాతం ఇటో అటో జరుగుతుంది. పెద్ద రొయ్యల సంఖ్య మాత్రం రెట్టింపవుతుంది, లేదా సగమవుతుంది. పెద్దవాటిని ఎంత జాగ్రత్తగా కాపాడినా ఇంత తేడా రాదు. ఎక్కువ గుడ్లు పెట్టి పిల్లలను నీటికి వదిలేసే జీవులన్నింటికీ ఇదే వర్తిస్తుంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు గున్నర్ థోర్సన్ 1950లో వేసిన అంచనా ప్రకారం సముద్రం అడుగున బతికే వెన్నెముక లేని జీవుల్లో దాదాపు 70 శాతం తమ బాల్యాన్ని నీటిలో తేలుతూ, తమ తిండి తామే వెతుక్కుంటూ గడుపుతాయి.

అయితే శాస్త్రలోకం ఈ సంగతిని వెంటనే ఒప్పుకోలేదు. 1961లో జోసెఫ్ కానెల్ స్కాట్లాండ్ తీరంలో రాళ్లకు అతుక్కుని బతికే బార్నకిల్ జీవుల మీద చేసిన ప్రయోగం చాలాకాలం పాఠ్యపుస్తకాలను ఏలింది. ఒక రకం బార్నకిల్ ఇంకో రకాన్ని పక్కకు నెట్టి, పైకి లేపి చంపడం అతను రాళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. దాంతో పెద్దవాటి పోటీ, వాటిని తినే నత్తలు, రాతి మీద చోటు, ఇవే జనాభాను నిర్ణయిస్తాయన్న అభిప్రాయం స్థిరపడింది. లార్వాలు ఎలాగూ లెక్కలేనన్ని వస్తాయి కదా, వాటి సంగతి ఎందుకు అని. 1985లో స్టీవెన్ గెయిన్స్, జోన్ రఫ్‌గార్డెన్ కాలిఫోర్నియా తీరంలో ఆ నమ్మకానికి బీటలు పెట్టారు. లార్వాలు దండిగా వచ్చి వాలే రాళ్ల మీద కానెల్ చెప్పినట్టే చోటు కోసం పోటీ ఉంది. తక్కువగా వాలే చోట రాయి సగం ఖాళీగా పడి ఉంది, పోటీ ఊసే లేదు. అక్కడ ఎన్ని బార్నకిల్స్ ఉంటాయన్నది ఎన్ని లార్వాలు వచ్చాయన్న దాన్ని బట్టే ఉంది. అంటే కానెల్ చెప్పింది తప్పు కాదు. రాక పుష్కలంగా ఉన్న చోటికే అది వర్తిస్తుంది.

ఈ సిద్ధాంతాన్ని నమ్మి డబ్బు పెట్టిన ప్రభుత్వం కూడా ఒకటుంది. పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో రాతి లాబ్‌స్టర్ వేట పెద్ద వ్యాపారం. దాని లార్వాలు హిందూ మహాసముద్రంలో తొమ్మిది నుంచి పదకొండు నెలలు కొట్టుకుపోయి మళ్లీ తీరానికి చేరతాయి. 1960ల చివరి నుంచి అక్కడ కృత్రిమ నాచు కుచ్చులను నీటిలో వేలాడదీసి, వాటి మీద ఎన్ని చిన్న లాబ్‌స్టర్లు వాలుతున్నాయో లెక్కపెడుతున్నారు. మూడు నాలుగేళ్ల తర్వాత పడవలకు ఎంత వేట దొరుకుతుందో ఆ లెక్కను బట్టి ముందే చెప్పగలుగుతున్నారు. 2008-09 ప్రాంతంలో ఆ కుచ్చులు దాదాపు ఖాళీగా వచ్చాయి. పెద్ద లాబ్‌స్టర్లు అప్పటికి బోనుల నిండా పడుతూనే ఉన్నాయి, అయినా అధికారులు వేటను బాగా తగ్గించారు. వేటగాళ్లకు అది నచ్చే నిర్ణయం కాదు. కానీ పెద్దవాటిని చూసి కాక పిల్లలను చూసి నిర్ణయం తీసుకోవడం వల్లే, చిన్న తరం వేటకు అందే సమయానికి ముసలి తరం నీటిలో మిగిలింది.

ఇప్పుడు మానేరుకు వద్దాం. ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు 2019లో మిడ్‌మానేరుకు చేరాయి. మోటార్లు పెట్టి గోదావరినే ఎదురెక్కించిన జిల్లాలివి, కానీ అదే దారిన రొయ్య పిల్ల ఎక్కి రాలేదు. తెలంగాణలో ఉచిత చేప పిల్లల పంపిణీ 2016-17లో మొదలైంది. మరుసటి ఏడు నుంచి ఎంపిక చేసిన జలాశయాల్లో మంచినీటి రొయ్య పిల్లలనూ వదలడం ప్రారంభించారు. గంగపుత్రుల, ముదిరాజుల మత్స్యకార సంఘాలకు ఇది నిజంగానే కలిసొచ్చింది. బొచ్చె, రవ్వ కంటే నీలకంఠ రొయ్యకు కిలోకు ఎన్నో రెట్లు ధర. అయితే సంఘాల్లో ఒక ఆశ బలంగా ఉంది: ఒకటి రెండేళ్లు వదిలితే ఆ తర్వాత రొయ్య తనే పెరిగి తనే పిల్లలు పెట్టుకుంటుంది, మానేరు రొయ్యల గని అవుతుంది అని. ఈ ఆశకు కళ్లెదుటి సాక్ష్యం కూడా ఉంది. వలలో పడ్డ ఆడ రొయ్య పొట్ట కింద గుడ్లు నిండుగా కనిపిస్తాయి. గుడ్లున్నాయంటే పిల్లలుంటాయి కదా అన్నది సహజమైన వాదన. పైగా మన చెరువుల్లో, కుంటల్లో తరతరాలుగా చిన్న రొయ్యలు ఎవరూ వదలకుండానే దొరుకుతున్నాయి. అంగడిలో దోసిళ్ల లెక్కన అమ్మే ఎండు రొయ్యల్లో అవీ ఉంటాయి. వాటికి సాధ్యమైనది దీనికెందుకు సాధ్యం కాదు?

జవాబు గుడ్డు సైజులోనే ఉంది. చెరువుల్లో పుట్టి చెరువుల్లోనే పెరిగే ఆ చిన్న రొయ్యలు, ఉదాహరణకు మాక్రోబ్రాకియం లామరీ, తక్కువ గుడ్లు పెడతాయి. కానీ ఒక్కో గుడ్డు పెద్దది, అందులో సొన ఎక్కువ. పిల్ల గుడ్డులోనే చాలా దశలు దాటేసి, కొద్ది రోజుల ఈతతో రొయ్య రూపానికి వస్తుంది. ఉప్పు అక్కర్లేదు. ఎండ్రికాయ ఈ దారిలో చివరిదాకా వెళ్లి ఈతనే మానేసింది. నీలకంఠ ఎంచుకున్న దారి వేరు: వేలకొద్దీ చిన్న గుడ్లు, చాలీచాలని సొన, తిండి కోసం మొగ నీళ్ల మీద భరోసా. అందుకే మిడ్‌మానేరులో గుడ్లు పగులుతాయి, లార్వాలూ పుడతాయి. రెండు మూడు రోజుల్లో అన్నీ చస్తాయి. వరద నీరు ఏకబిగిన సముద్రం దాకా మోసుకెళ్తే ఒకటో అరో బతకొచ్చు గానీ, దారిలో మానేరు మీదే దిగువ మానేరు ఆనకట్ట ఉంది, గోదావరి మీద కింద ధవళేశ్వరం ఉంది, మధ్యలో పోలవరం లేస్తోంది. ఆర్థర్ కాటన్ 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట కోస్తా మాగాణానికి అన్నం పెట్టింది, అందులో అనుమానం లేదు. కానీ ఉప్పుకూ తీపికీ మధ్య తిరిగే ప్రతి జీవికీ అది గోడయింది. పులస ఇప్పటికీ ఆ గోడ దగ్గర ఆగిపోవడం గోదావరి జిల్లాల వాళ్లకు తెలిసిందే. కేరళలో వేంబనాడు సరస్సు మీద 1970ల మధ్యలో కట్టిన తన్నీర్ముక్కం కట్ట తర్వాత అక్కడి నీలకంఠ వేట పడిపోయింది. అక్కడ నీళ్లు తగ్గలేదు, తిండి తగ్గలేదు, కట్ట తల్లికీ పిల్లకూ మధ్య దారిని కోసేసింది. మరి రొయ్య పిల్ల తడి రాళ్ల మీద పాకగలదు, చిన్న అడ్డుగోడలు ఎక్కగలదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ పట్టుదల దానికి ఉంది. అయితే అది పాకేది వేళ్ల లెక్కన, మనం కట్టేది అంతస్తుల లెక్కన.

కాబట్టి మానేరులో మనం చేస్తున్నది రొయ్యల జనాభాను స్థాపించడం కాదు, ఏటేటా విత్తడం. కరీంనగర్, జగిత్యాల ప్రాంతాలు హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి పేరున్నవి. హైబ్రిడ్ పంటలోంచి గింజ దాచుకుని మళ్లీ విత్తితే పని జరగదని, ప్రతి ఏడు కొత్త సంచి కొనాలని ఇక్కడి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. రొయ్య విషయంలోనూ ఒప్పందం అదే. దాన్ని ఒప్పుకుంటే అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. జలాశయంలో మేత సరిపోతుందా అన్నది రెండో ప్రశ్న అవుతుంది. పిల్ల ఎక్కడి హేచరీలో, ఏ తల్లి నుంచి, ఏ నీళ్లలో ఆ నెల గడిపి వచ్చింది అన్నది మొదటిది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. హేచరీ వచ్చాక లార్వా దశ అనే అడ్డంకి తీరిపోయినట్టే కదా, ఇక మిగిలేది జలాశయమే కదా అని. కొర్రమీను, వాలుగ లాంటి వేటచేపలు వదిలిన పిల్లలను ఎన్ని మింగుతాయి, నీటి మట్టం ఎండాకాలంలో ఎంత పడిపోతుంది అన్నవే దిగుబడిని తేలుస్తాయన్నది ఇలా అనేవారి వాదం. ఇందులో నిజముంది. పైగా పెద్దవాటి మధ్య నడిచే దౌర్జన్యం కూడా తక్కువది కాదు. పొడుగాటి నీలిచేతుల మగ రొయ్య తన చుట్టూ ఉన్న చిన్న మగవాటిని ఎదగనివ్వదు. ఒకే రోజు వదిలిన పిల్లల్లో ఆరు నెలల తర్వాత అరచేతికి మించినదీ, వేలంత ఉన్నదీ ఒకే వలలో పడటం ఈ రొయ్య పెంపకందార్లందరి తలనొప్పి. కానీ ఈ రెండు విషయాలనూ దగ్గర నుంచి చూస్తే అవీ బాల్యం వైపే వేలు చూపిస్తాయి. వేటచేప మింగేది ఎక్కువగా వదిలిన తొలి రోజుల్లో, పిల్ల అంగుళం కూడా లేనప్పుడు. చేప పిల్లల పంపిణీలో చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్లవి అని నియమం పెట్టింది అందుకే. ఇక సైజు తేడా సంగతి. నర్సరీ తొట్టెల్లో, రొయ్య రూపానికి వచ్చిన కొన్ని వారాల్లోనే కొన్ని పిల్లలు తోటివాటికన్నా ఎన్నో రెట్లు ముందుకు దూకుతాయి, కొన్ని వెనకబడిపోతాయి. తర్వాత నీలిచేతులు చేసే పెత్తనం చాలావరకు ఆ తొలి వారాల్లో దక్కిన ముందంజ నుంచి వచ్చినదే. అప్పుడే వేరుచేసి విడివిడిగా పెంచితే పంట సమంగా వస్తుందని హేచరీవాళ్లకు అనుభవం మీద తెలుసు.

హేచరీతో అంతా తీరిపోదనడానికి నెల్లూరు కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 2000ల తొలి అర్ధంలో నెల్లూరు జిల్లా నీలకంఠ సాగుకు రాజధాని. దేశం మొత్తం దిగుబడి 2005-06లో 42 వేల టన్నులు దాటింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే కుప్పకూలింది. చెరువులు అవే, నీళ్లు అవే, రైతులూ వాళ్లే. చెడిపోయింది పిల్ల. హేచరీలు మొగల నుంచి సహజంగా పెరిగిన తల్లులను తెచ్చుకోవడం మాని, పంట చెరువుల్లో దొరికిన ఆడవాటినే తల్లులుగా వాడుకున్నాయి. పెద్దవి ముందే అమ్ముడుపోగా తల్లులుగా మిగిలినవి చాలాసార్లు చిన్నవే. దగ్గరి సంబంధాలు పెరిగి తరం తరానికీ ఎదుగుదల తగ్గింది. దానికి తోడు తెల్లతోక జబ్బు వచ్చింది. ఆ వైరస్ పెద్ద రొయ్యను ఏమీ చేయదు, తల్లి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లార్వాల్లో, రొయ్య రూపానికి అప్పుడే వచ్చిన పిల్లల్లో మాత్రం కండ పాలలా తెల్లబడి కొద్ది రోజుల్లో తొట్టెలకు తొట్టెలు ఖాళీ అవుతాయి. పెద్దవాటిని మాత్రమే పరీక్షించే ఏ అధికారికైనా జబ్బు కనిపించదు, ఫలితం మాత్రం తర్వాతి ఏడాది దిగుబడిలో కనిపిస్తుంది. ఇంతలో 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి రావడంతో కోస్తా రైతులు అటు మళ్లారు. వనామీ విషయంలో ప్రభుత్వం నెల్లూరు పాఠం నేర్చుకున్నట్టే ఉంది. జబ్బులు లేవని ధ్రువీకరించిన తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్ష దాటితేనే హేచరీకి చేరతాయి. చెరువు గట్ల మీద కన్నా తల్లి దగ్గర, లార్వా తొట్టె దగ్గర కాపలా పెట్టడం చవక అని ఆ ఏర్పాటు ఒప్పుకుంటోంది.

మరి ఉప్పునీరు లేని జగిత్యాల, సిరిసిల్లల్లో ఆ కాపలా ఎవరు పెట్టాలి? సముద్రం లేకపోవడం ఇక్కడ అంత పెద్ద అడ్డంకి కాదు. లీటరుకు 12 గ్రాములంటే వెయ్యి లీటర్ల తొట్టెకు 12 కిలోల ఉప్పు. వంటింటి ఉప్పు ఒక్కటే చాలదు, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కూడా తగుపాళ్లలో ఉండాలి. అందుకే చాలా దేశాల్లో తీరానికి దూరంగా ఉన్న హేచరీలు ఉప్పు మడుల నుంచి చిక్కటి ఉప్పునీరు ట్యాంకర్లలో తెచ్చి మంచినీటితో పలచన చేసుకుంటాయి, లేదా లవణాలు కలిపి కృత్రిమ సముద్రపు నీరు తయారు చేసుకుంటాయి. లార్వాల తిండి ఎలాగూ తీరంలోనూ దిగుమతే. హేచరీలన్నీ పెట్టే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిరుజీవి గుడ్లలో పెద్ద భాగం అమెరికాలోని యూటా ఉప్పు సరస్సుది. దానికి తోడు కోడిగుడ్డు కస్టర్డు చేసి జల్లెడ పట్టి పెడతారు. ఖర్చు ఎక్కువేనన్నది నిజం. అయితే వందల కిలోమీటర్లు ఆక్సిజన్ సంచుల్లో ప్రయాణం చేసి, ఎండకు అలసి వచ్చిన పిల్లను నేరుగా జలాశయంలో ఒంపితే జరిగే నష్టం ఏ లెక్కల్లోనూ రాయడం లేదు గనుక, స్థానిక హేచరీ ఖరీదైనదని తేల్చేయడం తొందరపాటు. కనీసం జలాశయం ఒడ్డునే నర్సరీ చెరువులు తవ్వి పిల్లలను నెల రెండు నెలలు పెంచి, సైజుల వారీగా వేరుచేసి వదలడానికి హేచరీ అవసరం లేదు. ఆ పని సంఘాలే చేయగలవు, కూలీ వాళ్లకే దక్కుతుంది.

తల్లి సంగతి మాత్రం సంఘాల చేతిలో లేదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ, సీఫా, కొన్నేళ్ల ఎంపిక తర్వాత మేలుజాతి నీలకంఠను తయారు చేసింది. ఎదుగుదలకు పేరు తెచ్చుకున్న ఆ జాతికి పునాది వేసిన, సహజంగా పెరిగిన తల్లులు మూడు చోట్లవి: గుజరాత్, కేరళ, ఒడిశా. గోదావరి మొగ ఆ జాబితాలో లేదు. మానేరు కలిసేది గోదావరిలో. ఆ నది వేడికీ, వరద కాలానికీ అలవాటుపడిన రొయ్యలు ధవళేశ్వరం కింద, యానాం, కోరింగ మడ అడవుల చుట్టూ ఎంతో కొంత మిగిలి ఉండగానే వాటి తల్లులను సేకరించి, వైరస్ పరీక్ష చేసి, ఆ ఎంపికలో చేర్చమని తెలంగాణ మత్స్యశాఖ అడగాలి. వచ్చే వానాకాలం పిల్లల టెండరు పిలిచేటప్పుడే లక్షల సంఖ్యతో పాటు తల్లి ఎక్కడిది, పిల్లకు తెల్లతోక పరీక్ష ఏ రోజు చేశారు, ఎన్ని రోజుల పిల్ల, సగటు సైజు ఎంత అన్న నాలుగు గడులు కాగితంలో చేరిస్తే చాలు. లారీ దిగిన రోజు సంఘం అధ్యక్షుడు సంతకం పెట్టే ముందు ఆ గడులు నిండాయో లేదో చూసుకోవచ్చు.